పుట్టుక అనే గడి

గ్రో మోర్న్ నర్సరీలో నా చేతికి ఒక కాగితం ఇచ్చి పంపారు.
రకం పేరు మదాం ఫ్రాన్సిక్. అది ముందే అచ్చయి ఉంది.
కింద గళ్ళు: తొక్క, కండ, పీచు, టెంక.
అన్నిటికీ పైన, అన్నిటికన్నా వెడల్పుగా
పుట్టుక.

తేలికవి ముందు నింపాను.
తొక్క: ఆకుపచ్చ. పండితే పసుపు.
ఎండ ముద్దాడిన వైపు కొంచెం నారింజ.
ఆకారం: పొడుగు, చదును, నడుము దగ్గర చిన్న వంపు,
గోడవైపు తిరిగి పడుకున్న ఆడమనిషిలా.
పీచు: ఉంది.
ఉంది అని రాస్తే ఏం తెలుస్తుంది?
నిన్న ప్రార్థన పొడుగునా రోజ్మెన్ నాలుక
పంటి సందులో ఒక్క పోగుతో కుస్తీ పట్టింది,
పాస్టరు గారు భక్తి అనుకున్నాడు.

మదాం ఎవరని ఎర్మీలియాను అడిగాను.
దొడ్లో ఆమెకు నాలుగు చెట్లుండేవి, ఇప్పుడు మూడు.
"చెరుకుతోట దొరసాని. తెల్లది.
ఓడలో మొక్క తెప్పించుకుంది,
కాపు చూడకుండానే పారిపోయింది."
మరి పెంచిందెవరు?
"నీళ్ళు మోసినోళ్ళు.
చెట్లకి వాళ్ళ పేర్లు పెట్టరులే."

"అబద్ధం!" కొమ్మల్లోంచి ఫిలోజెన్ గొంతు,
ఆకుల మధ్య అతని మడమలు మాత్రం కనిపిస్తున్నాయి.
"ఫ్రాన్సిక్ సంతలో బుట్ట దించిన మనిషి.
అందరికన్నా ముందు ఆమె బుట్ట ఖాళీ.
మొగుడు లేకపోయినా మదాం అని తనే తగిలించుకుంది,
కాదన్నవాడికి కాయ అమ్మలేదు."

అంటూనే దోటి చాచి చిక్కంలోకి ఒక కాయ తెంపాడు,
జానెడు తొడిమతో సహా.
తొడిమ విరిచి కాయను తలకిందులు చేసి
ఆకుల మీద పెట్టింది ఎర్మీలియా.
సొన నేలలోకి పోవాలి.
ఒక్క చుక్క తొక్క మీద జారిందా, మర్నాటికి నల్లటి చార,
బేరగాడు కాలితో పక్కకు నెడతాడు.
అతని డజను అంటే పదమూడు. ఎండలు ముదిరితే పదిహేను.
ఆ లెక్కకి గడి లేదు.

నాలుగో చెట్టు ఫిబ్రవరిలో బొగ్గయింది.
విడ్లీన్‌కి టైఫాయిడ్.
ఎన్ని బస్తాలని నేనడగలేదు,
పదకొండు అని ఆమే చెప్పింది.
మిగిలిన మోడు చుట్టూ ఎర్రగా, లేతగా
వేలెడేసి చిగుళ్ళు.

నేను వచ్చింది అసలు దానికోసమే.
సంచీలో తడి గుడ్డలో చుట్టిన అంటుపుల్లలు,
కత్తి, ప్లాస్టిక్ నాడా.
బలమైన చిగురొకటి ఉంచి మిగతావి గిల్లేశాను.
కోత మీద కోత ఆనించి కడుతుంటే
పక్కన గొంతుక్కూర్చుని విడ్లీన్ అడిగింది:
"ఈ పుల్ల ఎవరిది?"

పుల్లకి కట్టిన రేకు మీద నంబరుంది.
రిజిస్టరు నంబర్లు నాకు నోటికొచ్చు,
అందుకే ఒక్క క్షణం చెయ్యి ఆగింది.
మూడేళ్ళ కిందట నర్సరీ వాళ్ళు పుల్లలు కోసుకెళ్ళిన తల్లిచెట్టు:
ఎర్మీలియా దోర్సెన్ దొడ్డి, వాగు వైపు, నాలుగోది.

చెప్పాను.
ఎర్మీలియా నవ్వలేదు, ఏడవలేదు.
"పుల్లలకి డబ్బులిస్తామన్నారు అప్పుడు," అంది.
"ఇచ్చారా?" అన్నాను.
ఫిలోజెన్ చెట్టుమీద దగ్గాడు.

సాయంత్రం లారీ కోసం రోడ్డు మీద కూర్చుని
మళ్ళీ కాగితం తీశాను.
దొరసాని అని రాసి కొట్టేశాను.
బుట్టమనిషి అని రాసి, కొట్టేయడానికి మనసొప్పక
పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
తర్వాత గడి దాటి, గీత దాటి, అంచుదాకా
వాగు వైపు, నాలుగోది, పదకొండు బస్తాలు
అని రాశాను.
ఆఫీసులో ఎర్ర సిరాతో చుట్టేస్తారు, తెలుసు.

నా వెనకే వచ్చిన విడ్లీన్ మోచేతుల దాకా రసం కారుతుంటే
టెంక చీకుతోంది.
కండ అయిపోయింది, తీపీ అయిపోయింది,
తెల్లబడ్డ పీచు మాత్రం
తల దువ్వని ముసలమ్మలా నిక్కబొడుచుకుంది.
ఇంకా వదల్లేదు పిల్ల.